ఏథెన్స్‌లో ఉన్ని దారం వెంట

ఏథెన్స్‌కి చాలామంది అక్రోపోలిస్ కొండ మీది పార్థెనాన్ గుడి కోసం వెళ్తారు. నేను బట్టల కోసం వెళ్లాను. రెండున్నర వేల ఏళ్ల కిందటి ఉన్ని గ్రీసు నేలలో మిగలడం చాలా అరుదు. అందుకే రాతిలోనూ మట్టిపాత్రల మీదా వెతుక్కోవాలి.

అక్రోపోలిస్ మ్యూజియం మొదటి అంతస్తులో 'పెప్లోస్ కోరే' అనే పాలరాతి అమ్మాయి ఉంది. క్రీ.పూ. 530 ప్రాంతపు శిల్పం, ఎత్తు నాలుగడుగుల లోపే. రంగు ఆనవాళ్లను బట్టి ఆమె దుస్తుల మీద జంతువుల బొమ్మలుండేవని పరిశోధకులు గుర్తించారు. గ్రీకులనగానే తెల్లబట్టలే ఊహించుకునేదాన్ని. ఆమె ముందు చాలాసేపు నిలబడిపోయాను.

గ్రీకు ఆడవాళ్ల ఉన్ని దుస్తు పెప్లోస్‌కి కత్తెర పని లేదు. మగ్గం మీంచి దిగిన ఉన్ని బట్టను పైఅంచు బయటికి మడిచి, ఒంటికి చుట్టి, రెండు భుజాల దగ్గర పిన్నులు గుచ్చుకోవడమే. కాబట్టి కావలసిన కొలతంతా మగ్గం మీదే రావాలి. అది మన గుంట మగ్గంలా కూర్చుని నేసేది కాదు. గోడకు చేరవేసిన రెండు నిలువు కర్రలు, పైన అడ్డకర్ర. దాన్నుంచి పడుగు పోగులు కిందికి వేలాడతాయి. అవి బిగువుగా ఉండటానికి కింద గుత్తులుగా మట్టి బరువులు కడతారు. నేత పైనుంచి కిందికి సాగుతుంది, అడ్డపోగైన పేకను మాత్రం పైకి కొట్టాలి. అంటే చేతులెత్తి, అటూ ఇటూ నడుస్తూ పనంతా చెయ్యాలి. దానికి ముందు ఉన్ని శుభ్రం చేసి, ఏకి, కదురు మీద వడకాలి. నేతకన్నా వడకడానికే ఎక్కువ కాలం పట్టేది.

పై అంతస్తులో పార్థెనాన్ శిల్పాల వరుస ఉంది. నాలుగేళ్లకోసారి జరిగే మహా పనాథెనాయ పండుగలో నగర దేవత అథీనాకు పెప్లోస్ సమర్పించేవారు. తొమ్మిది నెలల ముందే దాన్ని మగ్గం మీదికి ఎక్కించేవారు. దేవతలకూ గిగాంట్లనే రాక్షసులకూ జరిగిన యుద్ధం అందులో నేసేవారు. ఆ బట్టను మడిచే దృశ్యపు అసలు రాయి లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, ఇక్కడున్నది ప్లాస్టర్ నకలు. నాకు కోపమొచ్చింది. ఏథెన్స్ ఆడపిల్లలు నేసిన బట్ట బొమ్మ ఏథెన్స్‌లోనే ఉండాలి.

జాతీయ పురావస్తు మ్యూజియంలో ఎపినెట్రాన్ చూశాను. ఉన్ని ఏకులు చేసేటప్పుడు తొడ మీద పెట్టుకునే మట్టి కవచం అది. పైభాగం పొలుసుల్లా గరుకుగా ఉంది, ఉన్ని రుద్దడానికి. ఒక పక్కన గ్రీకు పురాణాల్లోని పెళ్లికూతురు అల్కెస్టిస్ చెలికత్తెలతో ఉన్న బొమ్మ. ఏథెన్స్ వెళ్తే దీన్ని మాత్రం వదలకండి.