గబ్బిలాల లెక్క పదిమంది చేతుల్లో ఉన్నప్పుడు

గబ్బిలాల పర్యవేక్షణ మాట ఎత్తగానే చాలామంది ముందుగా పరికరాల గురించి అడుగుతారు. గబ్బిలాల ధ్వనులను పట్టే ఏ డిటెక్టర్ కొనాలి, ఏ సాఫ్ట్‌వేర్ జాతిని సరిగ్గా గుర్తిస్తుంది, థర్మల్ కెమెరా తప్పనిసరా అన్నవి అడగవలసిన ప్రశ్నలే. అయితే అనేక బృందాలు అనేక చోట్ల ఏళ్ల తరబడి లెక్కించి, ఆ లెక్కలన్నిటినీ ఒక్కచోట చేర్చే పనిలో అసలు కష్టం పరికరాల దగ్గర రాదు. ఒకరి అంకెను మరొకరి అంకె పక్కన పెట్టి పోల్చవలసి వచ్చినప్పుడు వస్తుంది. ఇలాంటి పనిని సమన్వయం చేస్తూ వచ్చిన నాకు స్థిరపడిన అభిప్రాయం ఏమిటంటే, నలుగురే పాటించగల గొప్ప పద్ధతి కంటే అందరూ ఒప్పుకొని ఏటేటా మార్చకుండా పాటించే సాదాసీదా పద్ధతి మేలు.

గబ్బిలాల విషయంలో ఒంటరి ప్రయత్నం ఎందుకు చాలదో వాటి జీవనవిధానమే చెబుతుంది. ప్రపంచంలో 1,400కు పైగా జాతులుండగా, వాటిలో అధికభాగం ఏడాదికి ఒక్క పిల్లనే కంటాయి. శరీర పరిమాణంతో పోల్చితే చాలా ఎక్కువ కాలం బతుకుతాయి. అందువల్ల ఒకసారి తగ్గిన సంఖ్య కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది, ఆ తగ్గుదల సహజమైన హెచ్చుతగ్గుల నుంచి విడిగా కనిపించడానికే చాలా ఏళ్లు పడుతుంది. పైగా అవి ఒకేచోట ఉండవు. నాథూసియస్ పిపిస్ట్రెల్ అనే చిన్న గబ్బిలం లాత్వియాలో గుర్తు వేయించుకొని, 2,000 కిలోమీటర్లకు పైగా ఎగిరి స్పెయిన్‌లో దొరికిన ఉదాహరణ ఉంది. ఒక ఆవాసం ఖాళీ అయితే గబ్బిలాలు చనిపోయాయో, పక్క ఊరి పాత భవనంలోకి మారాయో ఆ ఒక్క ఆవాసాన్ని చూసే మనిషి చెప్పలేడు.

పండ్లు తినే పెద్ద గబ్బిలాలతో ఈ చిక్కు మరింత పెరుగుతుంది. పూత ఎక్కడుంటే అక్కడికి గుంపులు గుంపులుగా వెళ్లిపోయే వాటిని ఈ వారం ఒక బృందం, వచ్చే నెలలో మరో బృందం లెక్కిస్తే, అవే గబ్బిలాలు రెండుసార్లు లెక్కలోకి రావచ్చు, అసలు రాకపోనూ వచ్చు. ఆస్ట్రేలియాలో 2013లో మొదలైన జాతీయ కార్యక్రమం ఇందుకే తెలిసిన మకాములన్నిటినీ మూడు నెలలకు ఒకసారి, దాదాపు ఒకే సమయంలో లెక్కించే పద్ధతిని ఎంచుకుంది. శాస్త్రీయంగా ఇందులో చిక్కుముడి ఏమీ లేదు. వేర్వేరు రాష్ట్రాల అధికారులను, స్థానిక సంస్థలను, స్వచ్ఛంద కార్యకర్తలను ఆ కొద్ది రోజులకే కట్టుబడేలా చేయడమే అక్కడి అసలు పని.

ఎక్కడ లెక్కించాలన్నది రెండో తగాదా. గబ్బిలాలంటే ఇష్టపడి వచ్చే స్వచ్ఛంద కార్యకర్తలు గబ్బిలాలు బాగా కనిపించే చోటికే వెళ్లాలనుకుంటారు, అందులో తప్పు లేదు. కానీ మంచి చోట్లను మాత్రమే ఎంచుకుంటే ఆ లెక్క ముందుముందు తగ్గడానికే ఎక్కువ అవకాశం ఉంటుంది, ఎందుకంటే బాగున్న చోటు ఎప్పుడో ఒకప్పుడు మామూలు స్థితికి రాక తప్పదు. కొత్తగా బాగుపడుతున్న చోట్లు మాత్రం లెక్కలోకే రావు. ఉత్తర అమెరికా పర్యవేక్షణ కార్యక్రమం తన 2015 నాటి ప్రణాళికలో భూభాగాన్ని ఒక్కో వైపు 10 కిలోమీటర్లుండే చదరపు గడులుగా విభజించి, వాటికి యాదృచ్ఛికంగా ప్రాధాన్య క్రమం ఇచ్చింది ఇందుకే. ఆ క్రమంలో పైన వచ్చిన గడి ఎంత నిస్సారంగా ఉన్నా ముందు దానికే వెళ్లాలి. రాత్రంతా రికార్డర్ పెట్టినా ఒక్క గబ్బిలమూ పలకకపోతే, ఆ సున్నాను కూడా నమోదు చేసి పంపాలి. సున్నాలు పంపించమని బతిమాలడంలోనే సమన్వయకర్త జీవితంలో సగం గడిచిపోతుందని నేను సరదాగా అంటుంటాను గాని, అది పూర్తిగా సరదా మాట కాదు.

ఇక శబ్దాల సంగతి. కీటకాలను తినే గబ్బిలాలు మన చెవికి అందని అతిధ్వనులను వెలువరించి, వాటి ప్రతిధ్వనులను బట్టి దారినీ ఆహారాన్నీ కనుక్కుంటాయి. ఆ ధ్వనులను రికార్డు చేయడమే ఇప్పుడు పర్యవేక్షణకు ప్రధాన సాధనమైంది. చవకైన రికార్డర్లు వచ్చాక సమాచారానికి కొరత లేదు, పొందికకే కొరత. 120 కిలోహెర్ట్జ్ వరకు ఉన్న ధ్వనిని పట్టుకోవాలంటే రికార్డర్ సెకనుకు కనీసం 2,40,000 నమూనాలు తీసుకోవాలి; ఒక బృందం అంతకు తక్కువలో రికార్డు చేస్తే ఎక్కువ పౌనఃపున్యంలో పలికే జాతులు ఆ బృందం ప్రాంతంలో లేనట్టే నమోదవుతాయి. మైక్రోఫోన్ ఎంత ఎత్తులో ఉంది, నీటి పక్కనా చెట్ల మధ్యనా, ఎన్నేళ్లుగా వానకు తడుస్తోంది అన్న వివరాలు రికార్డింగ్‌తో పాటు రాకపోతే, రెండేళ్ల తరువాత కనిపించే తగ్గుదల గబ్బిలాలదో మైక్రోఫోన్‌దో తేల్చలేము. ఎన్ని ధ్వనులు నమోదయ్యాయన్నదాన్ని ఎన్ని గబ్బిలాలున్నాయన్నదానిగా చదివే పొరపాటు కూడా మామూలే. ఒక్క గబ్బిలం దీపస్తంభం చుట్టూ గంటసేపు తిరిగినా ఫైళ్లు కుప్పపడతాయి.

సాఫ్ట్‌వేర్ చెప్పిన పేరును మాత్రమే దాచుకొని అసలు రికార్డింగ్‌ను చెరిపేయడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. యూరప్‌లో అతి సాధారణమైన పిపిస్ట్రెల్‌ను చాలాకాలం ఒకే జాతిగా భావించారు. వాటిలో కొన్ని 45 కిలోహెర్ట్జ్ దగ్గర, మరికొన్ని 55 కిలోహెర్ట్జ్ దగ్గర పలుకుతున్నాయని గమనించిన తరువాత, 1990లలో అవి రెండు వేర్వేరు జాతులని తేలింది. పాత పుస్తకాల్లో పేరు మాత్రమే రాసుకున్నవారు ఆ నమోదులను విడదీసుకోలేరు, ధ్వనులను దాచుకున్నవారు విడదీసుకోగలరు. నిల్వకు ఖర్చవుతుందన్న మాట నిజమే, కనుక ఆ ఖర్చును ప్రాజెక్టు మొదటి రోజు బడ్జెట్‌లోనే చూపించాలి. అనుమానం ఉన్నచోట జాతి పేరును బలవంతంగా తగిలించకుండా, ఫలానా జాతుల సమూహం అని ఆపడం నేర్పించడం కూడా శిక్షణలో భాగమే.

సమాచారం ఎవరిది అన్న ప్రశ్న మొహమాటం వల్ల వాయిదా పడుతుంది, చివరకు స్నేహాలు దానివల్లే చెడతాయి. పదేళ్లు ఒక గుహను కనిపెట్టుకొని ఉన్న వ్యక్తి తన లెక్కలను ఎవరో ఒక పరిశోధనా పత్రంలో తన పేరు లేకుండా చూసినప్పుడు, ఆ తరువాత ఏమీ పంపడు. ఎవరి పేరు ఎక్కడ ఉంటుంది, ఎవరు ఎవరి అనుమతితో వాడుకోవచ్చు, మధ్యలో తప్పుకుంటే వారి సమాచారం ఏమవుతుంది అన్నవి మొదటి లెక్కకు ముందే రాసుకోవాలి. ఆవాసాల స్థానాలది ఇంకో సమస్య. కచ్చితమైన స్థానం లేకుండా విశ్లేషణ సాగదు, అది బయటకు పొక్కితే వేటగాళ్లు, గబ్బిలాలంటే భయపడేవాళ్లు, ఉత్సాహం పట్టలేని ఫొటోగ్రాఫర్లు అక్కడికి చేరతారు. కచ్చితంగా నమోదు చేసి, బయటివారికి మాత్రం పెద్ద గడి స్థాయిలోనే చూపించడం అందరికీ ఆమోదయోగ్యమైన మార్గం.

లెక్కించేవారే హాని చేసే ప్రమాదాన్ని తెల్లముక్కు వ్యాధి అందరికీ గుర్తు చేసింది. న్యూయార్క్ రాష్ట్రంలో హోవ్స్ కేవ్ అనే గుహలో 2006 ఫిబ్రవరిలో తీసిన ఫొటో ఆ వ్యాధికి ఉత్తర అమెరికాలో తొలి ఆధారం. చల్లని గుహల్లో పెరిగే శిలీంధ్రం శీతకాలపు సుప్తావస్థలో ఉన్న గబ్బిలాల చర్మానికి పట్టి, వాటిని మాటిమాటికీ మేల్కొలిపి, దాచుకున్న కొవ్వునంతా కరిగించి చంపుతుంది. ప్రధానంగా గబ్బిలాల నుంచి గబ్బిలాలకు వ్యాపించినా, మనుషుల బట్టలు, తాళ్లు, బూట్ల ద్వారా కూడా కొత్త చోట్లకు చేరగలదు. అందుకే గుహలోకి వెళ్లొచ్చిన సామగ్రిని, తట్టుకోగల వాటినైతే, 55 డిగ్రీల సెల్సియస్ వేడి నీటిలో 20 నిమిషాలు ముంచాలన్న నియమం వచ్చింది. పనివాళ్లకు ఇది విసుగు పుట్టించే పనే గాని, నా దృష్టిలో దీనిపై బేరం లేదు. సుప్తావస్థలోని గబ్బిలాలను ఏటా లెక్కించాలనే ఆత్రుతను కూడా అదుపు చేయాలి, ఎందుకంటే మనం వెళ్లిన ప్రతిసారీ అవి కొంత కొవ్వు పోగొట్టుకుంటాయి.

ఆ వ్యాధి చేసిన నష్టం ఎంతో తెలిసింది కూడా ఉమ్మడి లెక్కల వల్లే. అమెరికాలోని 27 రాష్ట్రాలు, కెనడాలోని 2 ప్రావిన్సుల నుంచి, 200కు పైగా ఆవాసాల లెక్కలను కలిపి 2021లో ప్రచురించిన విశ్లేషణ, మూడు జాతులు పదేళ్లలోపే 90 శాతానికి పైగా తగ్గిపోయాయని చూపింది. వ్యాధి రాకముందే, ఎందుకు పనికొస్తాయో తెలియకుండానే లెక్కలు రాసిపెట్టినవారు లేకపోతే ఆ శాతానికి ఆధారమే ఉండేది కాదు.

లెక్క పరిరక్షణగా మారే చోట మళ్లీ అదే పొందిక కావాలి. గాలిమరల వల్ల చనిపోయి వాటి కింద దొరికే గబ్బిలాల కళేబరాలనే తీసుకుంటే, ఎన్ని దొరికాయన్న అంకె ఒక్కటే ఏమీ చెప్పదు. ఎన్ని రోజులకొకసారి వెతికారు, వెతికేవారి కంటికి ఎన్ని ఆనుతాయి, నక్కలూ కాకులూ ఎన్నింటిని ముందే ఎత్తుకుపోతాయి అన్నవి కూడా అందరూ ఒకే తీరులో కొలవాలి. అలా కొలిచిన చోట్ల, గాలి వేగం సెకనుకు 5 మీటర్ల వరకు పెరిగేదాకా మరలను తిరగనివ్వకుండా ఆపితే మరణాలు సగం వరకు, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువగా తగ్గినట్టు తేలింది.

సరిహద్దు దాటిన సహకారానికి పొడవుముక్కు గబ్బిలం కథ నాకు నచ్చిన ఉదాహరణ. మెక్సికోకూ అమెరికా నైరుతి ప్రాంతానికీ మధ్య వలసపోతూ కలబందను పోలిన అగావే మొక్క పూల తేనె తాగే ఈ జాతిని 1988లో అమెరికా ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చినప్పుడు, తెలిసినవి వెయ్యి కంటే తక్కువ. రెండు దేశాల పరిశోధకులు, గుహల చుట్టుపక్కల ప్రజలు, అగావే సాగుదారులు కలిసి ఆవాసాలను కాపాడి, లెక్కల పద్ధతులను మెరుగుపరచిన తరువాత ఆ సంఖ్య సుమారు 2 లక్షలుగా తేలి, 2018లో దాన్ని జాబితా నుంచి తీసేశారు. ఆ పెరుగుదలలో కొంత భాగం మునుపు తెలియని ఆవాసాలు బయటపడటం వల్ల వచ్చిందే, నిజంగా పుట్టిన గబ్బిలాల వల్ల మాత్రమే వచ్చింది కాదు. తొలగించిన తరువాత కూడా కనీసం 5 ఏళ్లపాటు పర్యవేక్షణ సాగాలని అక్కడి చట్టం చెబుతోంది. ఆ ఏళ్లకు పాత పద్ధతినీ పాత ఆవాసాల జాబితానూ కదపకుండా ఉంచి, కొత్త ఆవాసాలను వేరే పట్టికలో రాసుకుంటే, పెరుగుదలలో కొత్తగా బయటపడిన ఆవాసాల వాటా ఎంతో, నిజంగా పుట్టిన గబ్బిలాల వాటా ఎంతో విడిగా తెలిసే అవకాశం ఉంటుంది.