తంగేడు చెవులు

బతుకమ్మకని తార్నాక మార్కెట్లో కొన్న తంగేడు కట్ట విప్పి, ఈసారి భూతద్దంతో చూశాను. ప్రతి ఆకు మొదట్లో చెవుల్లాంటి రెండు ఆకుపచ్చ తమ్మెలు! 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టిన కేసియా ఆరిక్యులేటా (‘చెవులున్నది’) అన్న పేరు ఈ చెవుల వల్లే. ఇప్పుడది సెన్నా అనే ప్రజాతికి మారి సెన్నా ఆరిక్యులేటా అయింది. హైదరాబాద్ రోడ్ల పక్కన ఎండాకాలం విరగబూసే రేల మాత్రం కేసియా ప్రజాతిలోనే ఉండిపోయింది. ఎందుకంటే రేలపువ్వులో మూడు కేసరాల కాడలు బాగా పొడుగ్గా సాగి, కొక్కెంలా వంపు తిరిగి ఉంటాయి. తంగేడుకి ఆ మెలిక లేదు. 1982లో వృక్షశాస్త్రవేత్తలు ఇర్విన్, బార్నెబీ ఈ రెండు ప్రజాతుల్ని విడదీసింది ఇలాంటి తేడాలు పట్టుకునే. ఎంత ఓపిక, ఎంత శ్రద్ధ ఉండాలి దానికి! తలుచుకుంటేనే దణ్ణం పెట్టాలనిపిస్తుంది. మీ ఇంట్లో తంగేడు మిగిలుంటే పారేసేముందు ఒక్క కొమ్మ తిప్పి చూడండి, చెవులు కనిపిస్తాయి.