ఎండపొడ వెంట పిట్టలు

డిసెంబరు, జనవరి నెలల్లో అమీన్‌పూర్ లాంటి హైదరాబాదు చెరువులకి పిట్టల కోసం వెళ్లేవాళ్లు చాలామంది చీకటితోనే చేరి, ఏడున్నరకల్లా టిఫిన్ల వేటలో పడతారు. అసలు సందడి అప్పుడే మొదలవుతుంది. ఈ రోజుల్లో పొద్దు పొడిచేదే దాదాపు ఆరూముప్పావుకి. పురుగులు రెక్కలాడించాలంటే ఇంకాస్త ఎండ తగలాలి. పురుగు లేవందే దాన్ని తినే పిట్టకి పనేముంది?

దీనికి గడియారం కరెంటు తీగల మీదే ఉంటుంది. పసిరిక పిట్టలు (గ్రీన్ బీ-ఈటర్లు) ఒకదాన్నొకటి ఒరుసుకుని, వీపు ఎండకి తిప్పి, ఈకలు రేపుకుని కూర్చుంటాయి. వాటిలో ఒకటి ఎగిరి, గాల్లో తేనెటీగని పట్టి, తిరిగొచ్చి తీగకేసి బాదిందంటే వేళయినట్టే. అప్పుడు పొదల వైపు నడవండి, అదీ ఎండ ముందుగా పడే తూర్పు వైపుకి. పొద అడుగునుంచి నాలుక చప్పరించినట్టు ‘చెక్, చెక్’ అని వినిపిస్తే బ్లిత్స్ రీడ్ వార్బ్లర్. చెట్టు పైకొమ్మల్లో రెండక్షరాల ‘చిస్‌లీ’ అయితే గ్రీనిష్ వార్బ్లర్. రెండూ మాసిన రంగు పిట్టలే. రంగుని నమ్ముకుంటే తేలవు, చెవిని నమ్ముకోవాలి.

పసులపోలిగాడు (బ్లాక్ డ్రాంగో) మాత్రం ఎండ కోసం ఆగడు. గేదె వీపెక్కి కూర్చుంటాడు. గడ్డిలో గిట్టలు పడి పురుగులు లేస్తుంటే పట్టుకోవడమే తన పని.

చలికి పిట్టలు ఈకల మధ్య గాలి నింపుకుని బంతుల్లా ఉబ్బుతాయి. కొత్తవాళ్లు తప్పులో కాలేసేది ఇక్కడే. పొద్దున లావుగా కనబడిన పిట్టే తొమ్మిదింటికి సన్నబడి వేరే జాతిలా ఉంటుంది. అందుకని ఒళ్లు చూసి పేరు పెట్టకండి, ముక్కు, తోక చూడండి. కొంగజపం సంగతీ ఇలాంటిదే. కాలికి ఈకలుండవు కాబట్టి వేడి అటునుంచి పోతుంది. ఒక కాలు పొట్ట ఈకల్లో దాచుకుంటే నష్టం సగం. ఇందులో కపటమేమీ లేదు, అనవసరంగా దాన్ని ఆడిపోసుకున్నాం.

నీళ్ల మీదకొస్తే, తూర్పు గట్టున నిలబడి పడమటికి చూడాలి. ఎదురెండలో బాతులన్నీ నల్లగానే ఉంటాయి. షవెలర్ బాతులు గుంపుగా గుండ్రంగా తిరుగుతుంటే అది ఆట కాదు, ఆ సుడికి అడుగునున్న తిండి పైకి తేలుతుంది, వెడల్పాటి ముక్కుతో వడగట్టుకుంటాయి. సూదితోక బాతులు మేత ఎక్కువగా రాత్రిపూటే ముగించుకుంటాయి కనుక పగలు నిద్రపోతుంటే జబ్బేమో అనుకోకండి. అక్టోబరు, నవంబరుల్లో మగబాతులు ఇంకా ఆడవాటి రంగులోనే ఉంటాయి, అప్పుడు ముక్కే ఆధారం.

బాతులన్నీ ఒక్కసారిగా లేస్తే ముందు జమ్ము మీద వెతకండి. మార్ష్ హారియర్ అనే వేటపక్షి రెక్కల్ని కాస్త పైకెత్తి, కిందుగా తేలుతూ వస్తుంటుంది. బొల్లికోళ్లు (కూట్ అనే నీటిపిట్టలు) ఎగరకుండా దగ్గర దగ్గరగా ముద్దకడతాయి. అదేదీ లేకుండా తలలన్నీ లేచి, మెల్లగా నడిమధ్యకి జరుగుతున్నాయంటే కారణం మనమే. అక్కడే ఆగి కూర్చోవాలి. చలిలో ఒకసారి లేచి ఎగరడమంటే తిన్న తిండి వృథా.

సామాన్ల విషయానికొస్తే, 8×42 (ఎనిమిది రెట్లు దగ్గరగా చూపే, 42 మి.మీ. అద్దాల) బైనాక్యులర్ చాలు. ముక్కు మీదుగా మఫ్లర్ చుడితే ఊపిరి పైకి తన్ని అద్దాలకి మంచు పడుతుంది. గడ్డం కిందకి లాగేయండి. గరగరలాడే విండ్‌చీటర్ కంటే పాత శాలువా నయం. కళ్లు పిట్ట మీద నుంచి తిప్పకుండా బైనాక్యులర్నే కళ్లకి ఆనించుకోవాలి. ముందు అద్దాల్లోకి చూసి తర్వాత వెతికితే దొరకదు.

ఈ ఉపఖండంలో 1987 నుంచీ నడుస్తున్న జనవరి నీటిపక్షుల లెక్కల్లో పాల్గొనేవాళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టబోయి మధ్యలో తప్పిపోతుంటారు. పదింటిని లెక్కపెట్టి, ఆ పది ఎంత చోటు ఆక్రమించాయో చూసుకుని, అదే కొలతని గుంపంతా పరుచుకుంటూ పోవాలి. ఇదంతా గద్దలు పైకి లేచేలోపే. అవి రెక్కాడించకుండా గుండ్రాలు తిరుగుతున్నాయంటే నేల కాగింది. ఇక నీళ్ల మీద గాలి వణకడం మొదలై, దూరపు బాతుల ముక్కులు కూడా తేలవు.