పద్నాలుగు మేక్‌ఫైళ్ల స్థానంలో ఒక్కటి

అనంతపురంలో మా మిద్దె మీది గదిలో మూడు వారాలుగా సాగిన బిల్డ్ స్క్రిప్టుల మరమ్మతు నిన్న రాత్రికి ముగిసింది. మేక్ అంటే, మారిన ఫైళ్లను మాత్రమే మళ్లీ కంపైల్ చేయించి ప్రోగ్రామును కట్టే పనిముట్టు; దానికిచ్చే సూచనల ఫైలే మేక్‌ఫైల్. ఫోల్డరుకొకటి చొప్పున పద్నాలుగు మేక్‌ఫైళ్లు ఉండేవి, ఒక్కొక్కటి తన కింది ఫోల్డరులోకి దిగి మళ్లీ మేక్‌నే పిలిచేది. పిలిచిన ప్రతిసారీ కొత్త ప్రాసెస్ మొదలై తన ఫోల్డరు వరకే చూస్తుంది కనుక, ఏ ఫైలు దేనిపై ఆధారపడిందన్న పూర్తి లెక్క ఏ ఒక్కదాని దగ్గరా ఉండదు.

గత నెల ఒక హెడర్‌లోని (పలు కోడ్ ఫైళ్లు పంచుకునే ఫైలు) స్ట్రక్చర్‌కు నేనొక ఫీల్డు చేర్చగా, వేరే ఫోల్డరులోని పాత ఆబ్జెక్ట్ ఫైలు (కోడ్‌ను కంపైల్ చేస్తే వచ్చేది) అలాగే లింకయి ప్రోగ్రాము కుప్పకూలింది. తప్పు నా కోడ్‌దేననుకుని, ప్లేటులో ఉగ్గాని చల్లారిపోతున్నా లేవకుండా, ఆదివారమంతా డీబగ్గర్‌తో కుస్తీ పట్టాను. మేక్ క్లీన్‌తో పాత ఆబ్జెక్ట్ ఫైళ్లన్నీ తుడిచేసి మళ్లీ కట్టగానే అంతా సర్దుకుంది. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ మేక్‌ను రాసిందే, దిద్దిన ఫైలు కంపైల్ కాక ఒక సహోద్యోగి సరైన ప్రోగ్రామునే ఉదయమంతా డీబగ్ చేసినందువల్ల. ఆ పనిముట్టుతోనే నేను అదే గోతిలో పడ్డాను!

ఇప్పుడు పైన ఒకే మేక్‌ఫైల్ ఉంది. ఫోల్డర్లలోని చిన్న ముక్కలను అది ఇన్‌క్లూడ్ చేసుకుంటుంది, ఫైళ్ల దారులన్నీ ప్రాజెక్టు పై ఫోల్డరు నుంచే రాశాను, హెడర్ల జాబితాను జీసీసీ కంపైలరే ‘-ఎమ్ఎమ్‌డీ’ ఆప్షన్‌తో రాసిపెడుతుంది. ఎనిమిది పనులు ఒకేసారి నడిపినా వరుస తప్పడం లేదు. బయటి నుంచి తెచ్చుకున్న ఒక లైబ్రరీ మాత్రం ఇంకా తన సొంత మేక్‌ఫైల్‌తోనే ఉంది, దాని జోలికి నేను పోలేదు.