సూర్యుడి గుడికి గొడుగేసుకుని

మా అమ్మ మొక్కు చిన్నదే. "నా కొడుకు బతికితే వాణ్ణి తీసుకొచ్చి నీ ఎండలో నిలబెడతాను స్వామీ" అని అరసవల్లి సూర్యనారాయణమూర్తికి మొక్కుకుంది. 2017లో, హైదరాబాద్‌లో ఆసుపత్రి మంచం మీద, తన కిడ్నీ ఒకటి తీసి నాకు పెట్టడానికి ముందు రోజు రాత్రి. ఆమె పుట్టిల్లు నరసన్నపేట. అటువైపు వాళ్ళకు కష్టం వస్తే ముందు నోట్లోకి వచ్చే పేరు ఆయనదే.

ఆపరేషన్ బాగానే అయింది. ఇంటికి పంపే రోజు చేతికిచ్చిన జాగ్రత్తల కాగితంలో నీళ్ళు మరగబెట్టి తాగాలి, మాత్రలు వేళ తప్పకూడదు లాంటి వాటి కింద, ఆరో వరసలోనో ఏడో వరసలోనో "ఎండ తగలనివ్వకూడదు" అని ఉంది. అమ్మ ఆ ముక్క నా చేత రెండుసార్లు చదివించుకుంది. "నేను మొక్కిన సంగతి వీళ్ళకెవరు చెప్పార్రా?" అంది.

మొదటి ఏడాది గుంపుల్లోకి వెళ్ళొద్దన్నారు. తర్వాత కరోనా వచ్చింది. ఆ తర్వాత నా పెదవి.

పెదవి సంగతి కాస్త చెప్పాలి. నేను ల్యాండ్ సర్వేయర్‌ని. కిడ్నీలు పాడయ్యేదాకా ఇరవై ఏళ్ళు గొలుసు, క్రాస్‌స్టాఫ్ పట్టుకుని పొలం గట్ల మీదే బతికాను. నడినెత్తిన ఎండ మాడుతున్నా హద్దురాయి దొరికేదాకా కదిలేవాణ్ణి కాదు. మూడేళ్ళ కిందట కింది పెదవి మీద పొలుసులా లేచింది. నెలలు గడిచినా మానలేదు. ఆవకాయ తగిలితే ప్రాణం పోయేది. చర్మం డాక్టరమ్మ చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సర్ కాదు కానీ, వదిలేస్తే అటు పోయేదేనని తేలింది. ద్రవ నైట్రోజన్‌తో దాన్ని మాడ్చేశారు. కొత్త కిడ్నీ కోసం అప్పటిదాకా వేసుకుంటున్న అజాథయోప్రిన్ మాత్ర మాన్పించి, కిడ్నీ డాక్టర్‌తో మాట్లాడి మైకోఫెనొలేట్‌కు మార్పించారు. మొదటిది చర్మాన్ని ఎండకు మరీ సున్నితం చేస్తుందట. (ఇది చదివి తమంతట తామే మాత్ర మార్చుకునేవాళ్ళు ఉంటారు. వద్దు. కిడ్నీ పోతుంది.)

ఆ రోజు డాక్టరమ్మ చెప్పింది నాకు బాగా అర్థమైంది, ఎందుకంటే ఆమె కాపలావాడి కథలా చెప్పారు. ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాలు చర్మంలో కణాల్ని రోజూ ఎంతో కొంత చెడగొడుతూనే ఉంటాయి. చెడిన కణాన్ని పట్టుకుని తీసేసే కాపలా మన ఒంట్లోనే ఉంటుంది. కొత్త కిడ్నీని పరాయిదని తరిమెయ్యకుండా మేం జీవితాంతం మింగే మాత్రలు చేసే పనల్లా ఆ కాపలావాడికి జోకొట్టడమే. వాడు కిడ్నీ జోలికీ పోడు, చెడిన కణం జోలికీ పోడు. తెల్లవాళ్ళలో అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్ళకు స్క్వామస్ సెల్ రకం చర్మ క్యాన్సర్ ముప్పు మామూలు వాళ్ళకన్నా 65 రెట్లు దాకా ఉంటుందని లెక్కలున్నాయి. మన రంగు వాళ్ళకు అంత ఉండదు. "ఉండదంటే అసలు లేదని కాదండీ" అన్నారావిడ. పైగా మనలాంటి వాళ్ళకు ఎండ పడని చోట కూడా వస్తుందట. అరికాళ్ళు, గోళ్ళ చుట్టుపక్కల, చెప్పుకోవడానికి సిగ్గుపడే చోట్లు. అన్నీ నెలకోసారి చూసుకోమన్నారు. కొత్త పులిపిరి లేచినా చూపించమన్నారు.

నల్లవాడికి ఎండేం చేస్తుందిలే అని అప్పటిదాకా ఊరంతా చెప్పుకు తిరిగినవాణ్ణి నేనే.

అరసవల్లిలో ఏడాదికి రెండు విడతలు, మార్చి 9, 10 తేదీల్లో, మళ్ళీ అక్టోబర్ 1, 2 తేదీల్లో, ఉదయించే సూర్యుడి కిరణాలు ధ్వజస్తంభం పక్కగా, మండపం దాటుకుని గర్భగుడిలో మూలవిరాట్టు పాదాల మీద పడతాయి. కొద్ది నిమిషాలే. చెకప్‌కి వెళ్ళినప్పుడు అమ్మ నా వెనకే లోపలికొచ్చి డాక్టరమ్మను అడిగేసింది. "పొద్దున ఆరింటి ఎండా? దానికేం, శుభ్రంగా వెళ్ళండి. తొమ్మిదికల్లా గదిలో ఉండండి" అన్నారావిడ. మా అమ్మ మొహం చూడాలి అప్పుడు.

మార్చి 7 సాయంత్రం సికింద్రాబాద్‌లో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. బట్టల సంచి కన్నా నా మందుల సంచి పెద్దది. కిడ్నీని నిలిపే మాత్ర టాక్రోలిమస్ రెండు రోజులకు సరిపడా ఎక్కువే పెట్టుకున్నాను. పొడుగు చేతుల చొక్కాలు, చుట్టూ అంచున్న టోపీ, నల్ల గొడుగు, ఎస్‌పీఎఫ్ 50 సన్‌స్క్రీన్, పెదవులకు రాసుకునేది ఇంకోటి. మర్నాడు తెల్లవారాక కిటికీ పక్కన కూర్చోబోతే అమ్మ "అద్దం ఉందిగా" అంది. మామూలు అద్దం యూవీ-బీని ఆపుతుంది, యూవీ-ఏని చాలావరకు లోపలికి వదిలేస్తుంది. కర్టెన్ లాగేశాను. ఎదుటి సీటాయన, పాపం, తెల్లారినప్పటి నుంచీ కొబ్బరిచెట్లు చూస్తున్నాడు, మొహం ముడుచుకున్నాడు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్, అంటే ఆమదాలవలస, అక్కడ దిగి శ్రీకాకుళంలో గది తీసుకున్నాం.

9వ తేదీ తెల్లవారుజామున నాలుగింటికే క్యూలో ఉన్నాం. మాస్కు పెట్టుకున్నాను. చెప్పుల దగ్గర ఒక్క క్షణం ఆగి, పాదాల పైన కూడా క్రీమ్ రాసుకున్నాను. గుడికి వెళ్ళేవాళ్ళు మర్చిపోయేది పాదాలే. మొహానికీ చేతులకూ రాసుకుని, చెప్పులు విడిచాక గంటలకొద్దీ పాదాలు ఎండలో పెట్టేస్తాం. వెనకున్న కుర్రాడు "ఏటి బావూ, పారాణి తెల్లగున్నాదేటి?" అన్నాడు. క్యూ అంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

ఆ రోజు కిరణాలు పడలేదు. తూర్పున మబ్బు. ఆరున్నర దాటినా మండపంలో దీపాల వెలుగే తప్ప ఇంకోటి లేదు. వచ్చినవాళ్ళంతా ఉసూరుమన్నారు. దర్శనం మాత్రం బాగా అయింది. నల్లరాతి విగ్రహం, కింద ఏడు గుర్రాలు, సారథి అనూరుడు, పక్కన ఉష, పద్మ, ఛాయ. తూర్పు గంగరాజు దేవేంద్రవర్మ 7వ శతాబ్దంలో కట్టించాడంటారు. అమ్మ బయటికొచ్చి "రేపు మళ్ళీ వద్దాం" అంది. రేపు రాత్రికి రిజర్వేషన్ ఉంది కాబట్టి నేనూ సరేనన్నాను.

తప్పు నేను చేసింది ఆ తర్వాతే. ఇడ్లీలు తిని గదికి పోదామంటే, అమ్మ శ్రీకూర్మం చూసొద్దామంది. దగ్గరే, 13 కిలోమీటర్లు. మబ్బుగా ఉంది కదా అని నేనూ మెత్తబడ్డాను. సన్‌స్క్రీన్ మళ్ళీ రాసుకోలేదు. పొద్దున నాలుగింటికి రాసుకున్నది ఎనిమిదిన్నరకు ఎక్కడుంటుంది? రెండు గంటలకోసారి రాయాలి, చెమట పడితే ఇంకా ముందే. మబ్బు ఎండ వేడిని ఆపుతుంది కానీ యూవీని పెద్దగా ఆపదు. పల్చటి మబ్బులోంచి 80 శాతం దాకా దిగొస్తుంది. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసీ వెళ్ళాను.

ఆటోలో మాత్రం నా వృత్తి పనికొచ్చింది. మార్చి మొదట్లో సూర్యుడు మనకు దక్షిణంగానే నడుస్తాడు. కాబట్టి తూర్పుకు పోయేటప్పుడు ఎడమవైపు, తిరిగొచ్చేటప్పుడు కుడివైపు కూర్చుంటే ఎండ మన మీద పడదు. ఈ లెక్క చెప్పి అమ్మను అటు జరిపితే ఆటో అబ్బాయి అద్దంలో చూసి "ఎండంటే అంత భయమేటి బావూ? నాను పుట్టి ఎండలోనే ఉన్నాను" అన్నాడు. కిడ్నీ సంగతి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, వాళ్ళ అత్తవారిది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానమని, కవిటి దగ్గర ఊరని, వాళ్ళ మావయ్య వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్తాడని చెప్పాడు. ఇక నేను ఎండ గురించి మాట్లాడలేదు. మార్పిడి దాకా రాగలిగినవాడి బాధ గొడుగు. రానివాడి బాధ వేరు.

శ్రీకూర్మంలో స్వామి పడమటి వైపు తిరిగి ఉంటాడు, గుడికి రెండు ధ్వజస్తంభాలు. అక్కడ పెంచుతున్న తాబేళ్ళకు అమ్మ ఆకులు వేసింది. "దీని పనే నయంరా, గొడుగు వీపుకే పుట్టింది" అంది. తొమ్మిదిన్నర దాటేసరికి మబ్బు విడిపోయింది. నేలమీద చూసుకుంటే నా నీడ నాకన్నా పొట్టిగా ఉంది. సర్వే పనిలో నీడను చూసి వేళ చెప్పడం అలవాటు. ఇప్పుడదే నాకు యూవీ మీటరు. నీడ మనకన్నా పొట్టిదైతే ఇంట్లో ఉండాల్సిన వేళ. గొడుగు తెరిచాను కానీ, ప్రాకారంలో తిరుగుతున్నంతసేపూ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాను. గుడిలో టోపీ పెట్టుకోవడానికి మనసొప్పలేదు.

మధ్యాహ్నం గదిలో తలుపేసుకుని పడుకున్నాం. అప్పుడు తెలిసింది. మెడ వెనక, చెవుల మీద వేడిగా, బిగిసినట్టుగా ఉంది. మన చర్మం మీద ఎరుపు అంతగా కనిపించదు, అందుకే మనకు ఎండ దెబ్బ తగల్లేదనుకుంటాం. అమ్మ చేత్తో తాకి చూసి, తడిగుడ్డ వేసి, గంటసేపు నన్నేమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

సాయంత్రం నాలుగు దాటాక కళింగపట్నం వెళ్ళాం. అక్కడే వంశధార సముద్రంలో కలుస్తుంది. ఈసారి పద్ధతిగానే చేశాను. బయల్దేరడానికి ఇరవై నిమిషాల ముందే రాసుకున్నాను, మొహానికీ మెడకూ కలిపి ఒక చెంచా నిండా, చెవులు, చేతులు, పాదాలు. చాలామంది బఠానీ గింజంత రాసుకుని ఎస్‌పీఎఫ్ 50 అంటారు. అంత రాస్తే ఆ నంబరు డబ్బా మీదే ఉంటుంది. ఇసుక మీద గొడుగు ఒక్కటే నమ్ముకోకూడదు. పడిన యూవీలో ఏడో వంతు ఇసుక మళ్ళీ కింద నుంచి మొహం మీదికి విసురుతుంది, అలల నురగైతే నాలుగో వంతు. నేను చొక్కా కాలరు ఎత్తి, టోపీ, గొడుగు, నల్ల కళ్ళద్దాలతో కూర్చుంటే పిల్లలు వచ్చి చుట్టూ నిలబడ్డారు. "మావయ్యా, వానొస్తదేటి?" అని అడిగాడొకడు. వస్తుందన్నాను. ఆకాశం కేసి చూసి, నన్ను చూసి, పరిగెత్తాడు.

అమ్మ మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడి ఉంది. కొంగు నెత్తిన లేదు, ఎండంతా మొహం మీదే. ఇచ్చినవాళ్ళకు మాత్రల్లేవు, కాబట్టి ఈ నియమాలూ లేవు. ఒకే కడుపులో పక్కపక్కన పెరిగిన రెండు కిడ్నీలు. ఒకటి అక్కడ అలల్లో ఎండ కాచుకుంటోంది. ఇంకోటి ఇక్కడ గొడుగు కింద ముక్కు మూసుకు కూర్చుంది.

"మరి నీకు డి విటమిన్ ఎలాగరా?" అంది ఒడ్డుకొచ్చి. ఈ ప్రశ్న అందరూ అడుగుతారు. రక్తపరీక్ష చేసి, తగ్గితే మాత్ర ఇస్తారు. దానికోసం ఎండలో కూర్చోనక్కర్లేదు. తిరుగుదారిలో బండి మీద పంపర పనసలు కనిపిస్తే ఆమె ఆపమంది. అదీ నాకు కుదరదు. టాక్రోలిమస్ మోతాదు రక్తంలో పెరిగిపోతుంది. ఒకటి కొనుక్కుని తనే తొనలు ఒలుచుకు తింది, నన్ను చూస్తూ.

10వ తేదీ ఆకాశం కడిగినట్టుంది. ఆరు దాటిన కాసేపటికి ముందున్నవాళ్ళు ఒక్కసారిగా గోల చేశారు. మనుషుల తలల మధ్య నుంచి చూశాను. రాగి రంగు వెలుగు గడప మీదుగా పాకి స్వామి పాదాల దగ్గర ఆగింది, నెమ్మదిగా పైకెక్కింది. మమ్మల్ని కదలమని తోస్తున్నారు. బయట మండపం అంచు దాకా వచ్చేసరికి అదే వెలుగు మా మీద కూడా పడుతోంది. ఆ వేళ యూవీ లేనట్టే, నీడ చూస్తే తాటిచెట్టంత పొడుగు. అమ్మ నా టోపీ తీసేసుకుంది, మాస్కు కిందికి లాగింది, రెండు భుజాలు పట్టుకుని నన్ను తూర్పుకు తిప్పింది. పెదవులు కదిపింది. ఎంతసేపని? రెండు నిమిషాలుంటుందేమో.

తర్వాత టిఫిన్ దగ్గర అడిగాను, ఏమని చెప్పావని.

"ఆయనకేం చెబుతాం, చూస్తూనే ఉన్నాడుగా. ఛాయమ్మకి చెప్పాను. ఆ వేడి పడలేక సంజ్ఞాదేవి పుట్టింటికి పోతే, ఇన్నేళ్ళూ ఆయన పక్కన కాపురం చేస్తున్నది ఆవిడే కదా. నీడ విలువ ఆవిడకే తెలుసు" అంది, గారె చట్నీలో ముంచుకుంటూ.

నా వాచీలో ఎనిమిదైంది. మాత్ర వేసుకున్నాను. తొమ్మిదికి గదిలో ఉన్నాం. అమ్మ నా మెడ వెనక మళ్ళీ చూసి, చెవి వెనక ఇంకా రాసుకోలేదని గుర్తుచేసి, ట్యూబు తను తీసుకుంది. నొక్కితే పటపటమని గాలే వచ్చింది, అయిపోయింది.

"అక్టోబర్లో కూడా పడతాయన్నావు కదూ?" అంది.

ఒకటి, రెండు తేదీల్లో, అన్నాను. సెప్టెంబర్ చివరి వారంలో చెకప్ ఉంది, అడిగి చూస్తానన్నాను.

"నువ్వడగకు, నేనడుగుతాను" అంది.