పన్నెండు బడుల పేర్లు

మార్చి నెలాఖరున మా పాప బడి సీటుకు లాటరీ ఫలితం వచ్చేవరకు వాషింగ్టన్ డి.సి.లోని పెట్‌వర్త్‌లోనే ఉంటామో, తెలుగువారు ఎక్కువగా ఉండే వర్జీనియాలోని యాష్‌బర్న్‌కు తరలిపోతామో మేము చెప్పలేము. ఈ నగరంలో మూడేళ్ల పిల్లలకూ ప్రభుత్వ బడి ఉచితమే గాని, ఆ వయసులో ఇంటి చిరునామాను బట్టి సీటు ఖాయం కావడం అరుదు. 12 బడుల వరకు ఇష్టక్రమంలో రాసి ఇస్తే, తోబుట్టువులు అదే బడిలో ఉన్నవారికీ, ఆ బడి హద్దులో నివసించేవారికీ ప్రాధాన్యమిచ్చి, మిగిలినదంతా కంప్యూటరు కేటాయించిన సంఖ్య తేలుస్తుంది. ప్రభుత్వ నిధులతో స్వతంత్రంగా నడిచే చార్టర్ బడులకైతే హద్దుల ప్రాధాన్యమూ లేదు.

మనసుకు నచ్చిన బడిని పైన రాసినంత మాత్రాన కింది బడుల్లో అవకాశం తగ్గదని తెలిశాక, వంటింటి బల్ల దగ్గర కూర్చుని పాత జాబితా చించేసి కొత్తది రాశాము. ఐదేళ్లకు కిండర్‌గార్టెన్‌లో చేరే నాటికి మా హద్దులోని బడిలో సీటు ఎలాగూ ఉంటుంది కనుక, నిజానికి మేము తూచుతున్నది రెండేళ్ల డేకేర్ ఖర్చునూ, ఈ వీధినీ.

ఈ సాయంత్రం కూడా మా పాప పక్కింటి పెద్దావిడ చూపుడువేలు పట్టుకుని, వాళ్ల వాకిటి ఇటుక మెట్లను ఒక్కొక్కటిగా తెలుగులో లెక్కపెడుతూ దిగింది. ఆవిడ కూడా ఇప్పుడు "ఆరు" వరకు చెప్పగలరు. ఇంటికి అతి దగ్గరి బడినే మొదటి పేరుగా రాసి పంపాము.