టీకాల రోజు, కుర్చీ మీద కాగితం

మంగళవారం, రాత్రి.

టీకాల రోజు. బరువు, పొడవు, తల చుట్టుకొలత, సూది, ఏడుపు. ఈ హడావిడిలో "ఇంట్లో అంతా బాగానే ఉన్నారుగా?" అని తల్లిని అడిగితే "ఆఁ, బాగానే" అనే వస్తుంది. జవాబు మనమే అందించాం మరి! అందుకే తల్లి మనసులో కుంగుబాటు, ఇంట్లో తిండి కొరత తెలుసుకోవాలంటే నోటిమాట కన్నా ప్రశ్నలున్న కాగితం మేలు. బిడ్డను తూకం వేయకముందే, వచ్చినవాళ్లందరికీ ఇవ్వాలి. దిగులుమొహాలు ఏరి ఇస్తే నవ్వుతూ వచ్చినవాళ్లు జారిపోతారు. కాగితం అందుకున్నవాళ్లకేమో తమనే అనుమానిస్తున్నారనిపిస్తుంది.

కాన్పు తర్వాతి కుంగుబాటును పసిగట్టడానికి 1987 నాటి ఎడిన్‌బరో స్కేలు అనే ప్రశ్నల కాగితం ఇప్పటికీ నడుస్తోంది. గడిచిన 7 రోజుల గురించి 10 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం ఎక్కువలో ఎక్కువ 30. అయిదు నిమిషాల పనే, తప్పులు మాత్రం కూడికలో. 1, 2, 4 ప్రశ్నల్లో పై జవాబుకు 0, అట్టడుగుదానికి 3. మిగిలిన ఏడింటిలో ఇది తిరగబడుతుంది. తొందరలో అన్నీ ఒకే వరసలో కూడేస్తే ఆ మొత్తానికి అర్థమే ఉండదు. మొత్తం 13, ఆపైన వస్తే తప్పక పట్టించుకుంటారు, చాలాచోట్ల 10కే ఆగి మాట్లాడతారు. పదో ప్రశ్న సంగతి వేరు. తనకు తాను హాని చేసుకోవాలన్న తలపు గురించి అది. మొత్తం 4 వచ్చినా సరే, అక్కడ సున్నా కాకపోతే ఆ తల్లి ఇంటికి వెళ్లేలోపే కూర్చుని మాట్లాడాలి. మొత్తం మార్కులు మాత్రమే చూసి ఫారం పక్కన పెట్టేయడం, అన్నిటికన్నా ప్రమాదకరమైన అలవాటు.

తిండి సంగతికి రెండు వాక్యాలు చాలు: గడిచిన 12 నెలల్లో సరుకులు నిండుకుంటాయేమోనని బెంగపడ్డారా, తెచ్చినవి చాలక, మళ్లీ కొనే డబ్బు లేక ఇబ్బందిపడ్డారా. ఏ ఒక్కదానికి "అప్పుడప్పుడు" అన్నా లెక్కలోకే వస్తుంది. "తరచుగా" అన్నవాళ్లనే పట్టుకుంటే సగం పని వదిలేసినట్టే.

కొట్టడం, బెదిరించడం గురించి మాత్రం కాగితం పనికిరాదు. పక్క కుర్చీలోంచి భర్తో అత్తగారో తొంగిచూస్తుంటే ఎవరు రాస్తారు? మాటలొచ్చిన పిల్లల ముందూ అడగకూడదు, ఇంటికెళ్లి చెప్పేస్తారు. తల్లితో ఒంటరిగా రెండు నిమిషాలు దొరికినప్పుడే.

ముందు సిద్ధంగా ఉండాల్సింది, "అవును" అన్నాక ఎవరి దగ్గరికి పంపాలో ఆ పేరు, ఫోన్ నంబరు. అది లేకుండా అడగడం గాయం కెలికి వదిలేయడమే. ఆ వివరాలు బిడ్డ టీకా కార్డు మీద రాయకూడదు, కార్డు ఇంట్లో అందరి చేతుల్లోనూ తిరుగుతుంది.